మేమే పండించాం!

మొన్న లిఫ్టులో పన్నెండో అంతస్తు ఆవిడ కనిపిస్తే, ఆవిడ చేతిలో అరడజను వంకాయలు పెట్టి, "మేమే పండించామండీ, మందూ మాకూ లేనివి" అన్నాను. ఆ మాట అనడంలో ఉన్న ఆనందం మీలో మొక్కలు పెంచేవాళ్ళకి వేరే చెప్పనక్కరలేదు. కుండీలో నాలుగు మిరపకాయలు కాస్తేనే పక్కింటావిడకి చూపించకుండా ఉండలేం. ఇక ఇరవై గుంటల పొలమంటే ఆగుతామా!

ఇంటికొచ్చి ఈ ముచ్చటంతా మా అత్తగారితో చెప్పాను. ఎనభై నాలుగేళ్ళ మనిషి. కళ్ళజోడు సవరించుకుని, "మేమే అంటే ఎవరే?" అన్నారు.

"మేమేనండీ. నేనూ, మీ అబ్బాయీ, పిల్లలూ."

"ఓహో, సరే" అని జపమాల అందుకున్నారు. అత్తగారి నోటివెంట వచ్చే 'సరే'లు ఎన్ని రకాలో కోడళ్ళందరికీ తెలుసు. ఇది వాటిలో మంచి రకం కాదు. రాత్రి నిద్ర పట్టలేదంటే గొప్పగా ఉంటుందిగానీ, గుత్తివంకాయ కూర మాత్రం సయించలేదు.

సంగతి మొదటినించీ చెబుతాను.

మా వారికి బీహెచ్ఈఎల్‌లో ఉద్యోగం వచ్చి మేం రామచంద్రాపురంలో కాపురం పెట్టింది 1986లో. అప్పుడు తెల్లాపూర్ అంటే రైలుపట్టాల అవతలి పల్లె. జొన్నచేలూ, కందిచేలూ, ఏనుగుల మంద పడుకున్నట్టు రాళ్ళగుట్టలూ. సాయంత్రాలు పిల్లల్ని నడిపించుకుంటూ వెళ్ళి పాలు పోయించుకు వచ్చేదాన్ని. ఇప్పుడదే తెల్లాపూర్‌లో ముప్ఫై నలభై అంతస్తుల మేడలు లేచాయి. మా అబ్బాయి కంప్యూటరు ఉద్యోగం పుణ్యమా అని అందులో ఒకదాంట్లో తొమ్మిదో అంతస్తున మేమూ ఉంటున్నాం. కిటికీ దగ్గర నిలబడి చూస్తే పాలకు వెళ్ళిన దారి ఎక్కడో ఆనవాలు పట్టలేను.

మా వారు రిటైరయ్యాక అందరిలాగే కొన్నాళ్ళు పేపరు చదివారు, కొన్నాళ్ళు నా వంటింట్లో డబ్బాలు సర్దారు. ఆ తర్వాత ఎవరో చెబితే జహీరాబాదు దగ్గర బిడకన్నెకు వెళ్ళి, అక్కడ పర్మాకల్చర్ పాఠాలు విని వచ్చారు. మనిషి మారిపోయి వచ్చారు.

పర్మాకల్చర్ అంటే బ్రహ్మవిద్యేం కాదు. ఆస్ట్రేలియాలో బిల్ మాలిసన్, డేవిడ్ హోమ్‌గ్రెన్ అనే ఇద్దరు 1970లలో ఆలోచించి, 1978లో పుస్తకంగా వేశారు. అడవికి ఎవరూ నీళ్ళు పెట్టరు, ఎరువు వెయ్యరు. అయినా పచ్చగా ఉంటుంది. అడవి ఎలా బతుకుతోందో చూసి పొలాన్ని అలా అమర్చుకోవాలంటారు. వాన నీరు పారిపోకుండా వాలుకు అడ్డంగా కందకాలు తియ్యడం, నేల ఎండకు మాడకుండా ఆకూ అలమూ కప్పడం, ఒక్క పంటే కాకుండా కందిపక్కన జొన్న, జొన్నకిందా బొబ్బర్లు, గట్టు మీద మునగ, ఇలా పొత్తు కలిసేవాటిని కలిపి వెయ్యడం. దీనికి మూడు నీతి సూత్రాలు కూడా ఉన్నాయి: భూమిని బాగా చూసుకోవాలి, మనుషుల్ని బాగా చూసుకోవాలి, ఉన్నది సరిగా పంచుకోవాలి. ఈ మూడో దాని దగ్గరే నా కథ అడ్డం తిరిగింది.

మాలిసన్ గారు 1980లలో మన దేశానికి వచ్చి పాఠాలు చెప్పారు. ఆ విద్యను జహీరాబాదు ఎర్రనేలల్లో పట్టుదలగా చేసి చూపించినవారు కొప్పుల నర్సన్న, పద్మ దంపతులు. అరణ్య అనే సంస్థ వారిదే. 2017 నవంబరులో ప్రపంచంలోని పర్మాకల్చర్ వాళ్ళందరి సమావేశం హైదరాబాదులోనూ, బిడకన్నెలోనూ జరిగిందంటే చూడండి. అయితే అంతకుముందునించీ ఆ చుట్టుపట్ల పల్లెల్లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల ఆడవాళ్ళు, చాలామంది దళిత మహిళలు, ఏ ఆస్ట్రేలియా పుస్తకమూ చదవకుండానే ఒక్క చెలకలో పదిహేను ఇరవై రకాలు కలిపి వేస్తూనే ఉన్నారు. విత్తనాలకు బూడిదా వేపాకూ కలిపి, బుట్టల్లో పోసి, మూతికి పేడమట్టి మెత్తి దాస్తారు. ఎరువూ నీరూ అడక్కుండా మంచుకే పండే పంటల్ని వాళ్ళు 'సత్యం పంటలు' అంటారట. ఆ పేరు విన్న దగ్గరనించీ నాకు మరుపు రాలేదు.

మా వారు దానికి తన భక్తి కలిపారు. భూమి అమ్మవారు, పొలం పని పూజ, పంట ప్రసాదం. శంకర్‌పల్లి దాటాక ఎప్పుడో కొని పడేసిన ఇరవై గుంటల్లో ఒక వేపచెట్టు కింద రాయి నిలబెట్టి పసుపు రాశారు. పొలంలోకి అడుగుపెట్టేముందు చెప్పులు విప్పాలన్నారు. మొదటి ఆదివారం ఆయన కాల్లోనే పల్లేరుకాయలు రెండు దిగాయి. కోసిన కాయల్లో మొదటి బుట్ట దేవుడి వాటా. దాన్ని వేపచెట్టు కింద పెట్టి, హారతి ఇచ్చి, తర్వాత పంచడం. పురుగుల మందు సరే సరి, పురుగును చేత్తో నలిపినా ఆయన ఒప్పుకోరు.

ఈ ప్రణాళికంతా విని మా అత్తగారు ఒక్క ప్రశ్న వేశారు. "పూజ బాగానే ఉందిరా అబ్బాయీ, కలుపెవరు తీస్తారు?"

కలుపు తీసింది అవ్వ. మా మనవడు అవ్వా అని పిలుస్తాడు గనుక మేమందరం అలాగే అంటాం. నిజానికి నాకంటే రెండేళ్ళు పెద్దదేమో. వారానికి నాలుగురోజులు వచ్చి, కందకాల్లో పూడిన మట్టి తీసి, ఆకులు కప్పి, నారు పోసి, కాపలా కాసి, మేం శనివారం సాయంత్రం కారు దిగేసరికి అంతా సిద్ధంగా ఉంచుతుంది. ఆదివారం మేం చేసేదేమిటంటే, కాయలు కొయ్యడం, ఫొటోలు తియ్యడం, పూజ చెయ్యడం. మనవడు మట్టిలో ఆడుకుని వానపాము కనిపిస్తే కేకలు పెడతాడు. వాడికది సంతోషమే, కాదనను. సెల్‌ఫోను ముట్టకుండా నాలుగు గంటలుంటాడు. ఆ ఒక్కదానికే పొలం కొనుక్కున్నా తప్పు లేదనిపిస్తుంది.

ఆడవాళ్ళతో మాత్రమే చెప్పుకోదగ్గ సంగతి ఇంకొకటుంది. పొలం ఆదివారంతో అయిపోతుందని మగవాళ్ళనుకుంటారు. మాఘమాసంలో ఒక్కవారంలో ముప్ఫై కిలోల టమాటాలు దిగితే, సోమవారంనాడు వాటి ముందు కూచున్నది ఎవరు? కడిగి, తుడిచి, కోసి, ఉప్పులో వేసి, బాల్కనీలో ఎండబెట్టి, పావురాలను తోలి, పచ్చడి నూరింది ఎవరు? "దేవుడిచ్చిన పంట, ఒక్కటి కూడా పారెయ్యకూడదు" అన్నారు మా వారు సోఫాలోంచి. పారెయ్యలేదు. నా చేతివేళ్ళు నాలుగురోజులు మండాయి.

సరే, అత్తగారి 'సరే' తర్వాత వచ్చిన ఆదివారం. కందిచెట్లు కాయ పట్టాయి. కాయకాయకీ చిల్లి. శనగపచ్చ పురుగు. నేను కంగారు పడుతుంటే మా వారు ప్రశాంతంగా, "వాటి వాటా అవి తింటున్నాయి. మనకి మిగిలింది మనం తిందాం. ఈ భూమి మన ఒక్కళ్ళదే కాదుగా" అన్నారు. మాట బాగుంది. నాక్కూడా మనసు చల్లబడింది. గట్టు మీద కూచున్న అవ్వ మాత్రం కొంగుతో మొహం తుడుచుకుని, "మీకు నెలనెలా పైసలొస్తయి సారూ, పురుగుకు వాటా ఇస్తరు. మా అయ్య చేన్ల గీ పురుగు వడ్డంకనే అప్పయింది. అప్పుకే చేను పాయె" అంది.

ఎక్కడ అవ్వా మీ నాన్న చేను, అని అడిగాను.

"తెల్లాపూరే. మా తల్లిగారూరు గదనే. గిప్పుడు మీ బిల్డింగులున్న దిక్కే."

నాలుగేళ్ళుగా మా పొలంలో పని చేస్తున్న మనిషి పుట్టిల్లు ఏ ఊరో నేను అడగనేలేదు. వాళ్ళ చేను అమ్ముడుపోయింది గజాల ధరలు రాకముందు, ఎకరాల లెక్కన, అప్పు తీరడానికి బొటాబొటీగా. పటాన్‌చెరులో ఇక్రిశాట్ వాళ్ళు 1972 నించీ కందిమీదా జొన్నమీదా పరిశోధన చేస్తున్నారు. తెల్లాపూర్‌కి అది ఎంతో దూరం కాదు. ఆ ఫలితం వాళ్ళ నాన్న దాకా వచ్చిందో, రాలేదో. వస్తే వింటానికి ఆయనకి చేనుందో, లేదో. నా గుత్తివంకాయ పొయ్యి మీద ఉడికేది సరిగ్గా ఆ చేను పైన కాకపోవచ్చు. దగ్గర్లోనే.

ఇక్కడ నాకొక సందేహం పుట్టింది. పురుగుకు వాటా ఇవ్వడం అహింస అనీ, భక్తి అనీ అనుకున్నాం. దాని ఖరీదు మనకేం తగలకపోతే అది భక్తి అవుతుందా? పంట పోతే ఆదివారం మార్కెట్లో కొనుక్కుంటాం. పోతే వీధిన పడేవాడు పురుగును చంపితే, మేం చంపలేదు కాబట్టి మేం అతనికంటే పుణ్యాత్ములమా? ఈ తక్కెడ నాకు నచ్చలేదు. అలాగని మందు కొట్టడం మంచిదని నేనటం లేదు. వేపకషాయం కొట్టవచ్చు, తెల్లవారుజామున చెట్టు కుదిపి పురుగుల్ని ఏరి కోళ్ళకు వెయ్యవచ్చు. అవ్వ అదే చేద్దామంది. మా వారు బాధపడ్డారుగానీ ఆపలేదు.

ఆ వారమంతా వంకాయలు పంచుతూ కనపడ్డవాళ్ళనల్లా దేవుడి వాటా గురించి అడిగాను. మా పన్నెండో అంతస్తు ఆవిడ మెదకు వైపు మనిషి, చర్చికి వెళతారు. వాళ్ళకి కోతల పండగ ఉందిట. పంటలో మంచివి తెచ్చి గుడిలో పెట్టి, వేలం వేసి, ఆ డబ్బు గుడిపనులకి వాడతారట. చేను మూలలు పూర్తిగా కొయ్యకుండా, రాలిన పరిగె ఏరకుండా బీదవాళ్ళకు వదలాలని వాళ్ళ గ్రంథంలో ఉందిట. మెదకు చర్చి సంగతి కూడా చెప్పారు. కరువు రోజుల్లో పాస్నెట్ దొరగారు ఆ కట్టడం మీద జనానికి పనిచూపించి తిండి పెట్టారని అక్కడివాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. 1924లో పూర్తయింది.

మా సందు చివర దర్జీ దుకాణం పెద్దాయన చెప్పింది ఇంకా విచిత్రం. వాళ్ళలో పంట మీద ఉష్ర్ అని తీస్తారు. వానకు పండిన దాంట్లో పదోవంతు. కష్టపడి నీళ్ళు తోడి పండించిన దాంట్లో ఇరవయ్యోవంతే. "మనిషి కష్టపడ్డాడు గదమ్మా, అందుకని సగం తగ్గుద్ది" అన్నాడు టేపు మెడలో వేసుకుంటూ. దేవుడు తన వాటాలోంచి కూడా చాకిరీని మినహాయించుకున్నాడన్నమాట! ఇంటికొచ్చి మా వారికి చెబితే రెండుసార్లు చెప్పించుకుని విన్నారు.

మా అత్తగారి ఊళ్ళో, కృష్ణా జిల్లాలో, కళ్ళంలో ధాన్యం ఇల్లు చేరకముందే మేరలు కొలిచేవారు. చాకలికింత, మంగలికింత, వడ్రంగికింత. పరిగె ఏరుకునే వాళ్ళు వేరే. "ఆ రోజుల్లో ఎవరి వాటా వాళ్ళకుండేదే" అని ఆవిడ మురిపెంగా చెబుతారు. ఆవిడ మురిపెం ఆవిడది. వాటా కోసం కళ్ళం అంచున చేతులు కట్టుకుని నిలబడ్డవాళ్ళు కూడా అలాగే మురిపెంగా చెబుతారని నేననుకోను. జహీరాబాదు, బీదరు వైపు చలికాలంలో ఎల్ల అమావాస్య అని చేస్తారు. ఇంటిల్లిపాదీ చేలోకి వెళ్ళి, పైరుకు పూజ చేసి, వండింది చేనంతా చల్లి, అక్కడే కూచుని తింటారు. అది నాకు వీటన్నింటికంటే నచ్చింది. పండించినవాళ్ళే పూజారులు, పండించినవాళ్ళే భోక్తలు. మాలాంటి వాళ్ళ దగ్గర పూజ చేసేదొకళ్ళు, పండించేదొకళ్ళు.

ఇవన్నీ విన్నాక మా వారొక నిర్ణయానికి వచ్చారు. మొదటి బుట్ట, అంటే దేవుడి వాటా, హారతయ్యాక మొత్తం అవ్వకే ఇవ్వాలని. చాలా ఉదారంగా ఉందని నేనూ అనుకున్నాను. ఆ ఆదివారం స్వయంగా బుట్ట ఎత్తి అవ్వ చేతికిచ్చారు. అవ్వ బుట్టను కళ్ళకద్దుకుంది. కింద పెట్టింది. "ప్రసాదం కండ్లకద్దుకుంట సారూ. గని కూలి మూడేండ్ల కింద మాట్లాడిందే ఉన్నది. వానవడ్డ నాడు అదీ లేదు" అంది.

తిరిగొచ్చేటప్పుడు కార్లో ఎవరం మాట్లాడలేదు. కొల్లూరు దగ్గరకొచ్చాక మా వారే, "ఆమెను ఇంటిమనిషిలా చూసుకుంటున్నాం కదా, ఎందుకలా అంది?" అన్నారు. పాపం, నిజంగానే నొచ్చుకున్నారు.

ఇంటిమనిషి! నలభై ఏళ్ళుగా నేను ఇంటిమనిషిని. ఇంటిమనిషి అంటే ఏమిటో నాకంటే ఎవరికి బాగా తెలుసు? జీతం అడగని మనిషి. ముప్ఫై కిలోల టమాటాల ముందు కూచోబెట్టి, "నీ పచ్చడి అమృతం" అంటే సంతోషించవలసిన మనిషి. నాకు పిల్లలున్నారు, ఇల్లుంది, ఆ పచ్చడి నా వాళ్ళే తింటారు. కనక సరిపెట్టుకున్నాను. అవ్వ ఎందుకు సరిపెట్టుకోవాలి? ఈ మాటలన్నీ కార్లోనే అనేశాను. వెనక సీట్లో మనవడు నిద్రపోతున్నాడు గనక కాస్త గట్టిగానే అన్నాను.

వాన దేవుడి వరమని మేం చేతులు జోడించిన రోజు అవ్వకి కూలి లేని రోజు. ఈ సంగతి అవ్వ చెప్పేదాకా మా పూజలో ఎక్కడా తట్టలేదు.

కూలి నాలుగొందలనించి ఐదొందల యాభై చేశాం. వాన పడ్డా ఇస్తున్నాం. బుట్ట బుట్టే, కూలి కూలే. మా కోడలు లెక్కల మనిషి, పెట్రోలు, మోటారు, విత్తనం, కూలి అన్నీ కూడి, దిగిన కూరల బరువుతో భాగించి, మా వంకాయ కిలో 172 రూపాయలు పడిందని తేల్చింది. తెల్లాపూర్ సంతలో నలభైకి దొరుకుతోంది. మా వారు చాలాసేపు ఆ కాగితం చూసి, "అయితే మనకి నష్టమన్నమాట" అన్నారు. మా కోడలు, "లేదు మామయ్యగారూ, నలభైకి అమ్మినవాడికి నష్టం" అంది. ఆ పిల్ల ఇంట్లో అంతగా మాట్లాడదు. ఆ రోజు మాట్లాడింది. మా చిన్న పొలం ఖర్చుతో నిజం రైతు ఖర్చు పోల్చడం సరికాదని నాకు తెలుసు. ఆయన పెట్రోలు పోసుకుని పొలానికి వెళ్ళడుగా. కానీ తనకీ తన భార్యకీ కూలి కట్టుకుని ధర చెప్పే రైతుని నేనింతవరకు చూడలేదు.

ఇంకొక్కటి చెప్పాలి, అది మాత్రం ఇప్పటికీ తేలలేదు. అవ్వ మనవరాలు ఇంటర్ చదువుతోంది. సెలవుల్లో ఒకసారి తీసుకురమ్మన్నాను. మా మనవడికి తోడుగా ఉంటుంది, నాలుగు మొక్కల పేర్లు నేర్చుకుంటుందని. అవ్వ నవ్వింది. "మా పిల్ల మట్టి ముట్టద్దనే నేను మట్టిల ఉన్ననమ్మా" అంది. నా మనవడు మట్టి ముడితే మంచివాడవుతాడని నేను వందసార్లు అన్నాను, ఆమె వింటూండగానే. ఇద్దరం పిల్లల మేలు కోరే అంటున్నాం. ఒకే మట్టి. ఆమె మాట తప్పని ఎలా అనను? అలాగని నా మాట వెనక్కి తీసుకోవడానికీ మనసు రావటం లేదు. అవ్వ మనవరాలు చదువుకుని, ఉద్యోగం చేసి, ఏ ముప్ఫయ్యో అంతస్తులోనో ఉండి, అప్పుడు ఆదివారాలు మట్టి కోసం వెతుక్కుంటుందేమో. వెతుక్కోదేమో.

మా మనవడు మాత్రం నేను చెప్పకుండానే ఒక పని చేశాడు. స్కూల్లో 'మా పొలం' అని వ్యాసం రాయమంటే, మా పొలంలో అవ్వ పంటలు పండిస్తుంది, తాతయ్య పూజ చేస్తాడు, నాన్నమ్మ పచ్చడి పెడుతుంది, నేను వానపాములు చూస్తాను అని రాశాడు. పంతులమ్మ పదికి ఏడిచ్చింది. అక్షరదోషాలుట.

అవ్వ కూతురు కానుపుకొచ్చింది. అందుకని రెండువారాలుగా అవ్వ రావటం లేదు. సెలవుకి కూడా కూలి ఇవ్వాలా వద్దా అని మా వారూ నేనూ ఒకపూట వాదించుకుని, ఇచ్చాం. మొన్న ఆదివారం ఆయనే కొడవలి పట్టారు. అరగంటకి నడుము పట్టేసింది, వేపచెట్టు కింద పడుకోబెట్టి జండూబామ్ రాశాను. నేను రెండు మళ్ళు తీశాను, అబ్బాయి ఒకటి తీశాడు. వంకాయలు సగం పుచ్చులు.

తిరిగొచ్చాక లిఫ్టులో మళ్ళీ పన్నెండో అంతస్తు ఆవిడ. ఖాళీ సంచీ చూసి, "ఈ వారం ఏం పండించలేదా?" అన్నారు.

"పండించామండీ. మోకాలెత్తు గరిక. ఇది మాత్రం అచ్చంగా మేమే పండించాం" అన్నాను.